ఆఫీసు ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) ఇంటి నుంచి వాడాలి, ఓనర్ ఏమో ఫోన్‌లో ఉన్న ఫ్రీ వీపీఎన్ వెయ్యమంటున్నాడు

గుంటూరు_ఘాటు:
మాది మిర్చి ఎగుమతుల ఆఫీసు, 14 మందిమి. నా అసలు పని షిప్పింగ్ కాగితాలు చూడ్డం, కానీ బీటెక్ కంప్యూటర్స్ అని ఒక్క మాట నోరు జారినందుకు ప్రింటర్ దగ్గర్నుంచి సీసీ కెమెరాల దాకా అన్నీ నా నెత్తినే పడ్డాయి. మా అకౌంటెంట్ మేడమ్‌కి డెలివరీ అయ్యింది, తెనాలిలో పుట్టింట్లో ఉన్నారు, ఆర్నెల్లు ఇంటి నుంచే చేస్తానన్నారు, ఓనర్ గారు కూడా సరేనన్నారు, సీజన్ కదా యార్డు నుంచి రోజూ టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, ఎంట్రీలు ఆగితే మా పని అయిపోయినట్టే. ఇంతకుముందు మా సిస్టమ్స్ చూసిన కుర్రాడు రౌటర్‌లో ఏదో పోర్ట్ (బయటి నుంచి లోపలికొచ్చే దారి) తెరిచి పెట్టి వెళ్లాడు, స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే ఇంటర్నెట్ అడ్రస్) ఉంది, బయట ఎక్కణ్ణుంచైనా ఆ ఐపీ కొడితే ట్యాలీ సిస్టమ్ డెస్క్‌టాప్ డైరెక్ట్‌గా వచ్చేస్తుంది. దాంతోనే మేడమ్ చేసుకుంటారులే అనుకున్నా. నిన్న ఊరికే ఈవెంట్ వ్యూయర్ (విండోస్ లాగ్) తెరిచి చూస్తే సెక్యూరిటీలో 4625 (లాగిన్ ఫెయిల్) అని వేలకి వేలు ఉన్నాయి, నిమిషానికి పది ఇరవై, అడ్మిన్ అని, అడ్మినిస్ట్రేటర్ అని, టెస్ట్ అని, ట్యాలీ అని కూడా పేర్లు మార్చి మార్చి ఎవరో ట్రై చేస్తున్నారు. ఓనర్‌కి చెప్తే "వీపీఎన్ వేస్తే సేఫ్ అంట కదా, మావాడు నా ఫోన్‌లో వేశాడు, ఫ్రీనే, అదే మేడమ్ లాప్‌టాప్‌లో వెయ్యి" అన్నారు. అదీ ఇదీ ఒకటి కాదని నాకు తెలుసు గానీ ఎందుకు కాదో ఆయనకి ఎక్కేట్టు చెప్పలేకపోతున్నా.

బెంచ్_మీద_బాబు:
మిర్చి ఆఫీసుకే ఘాటు తగిలిందన్నమాట

నెట్‌వర్క్_నాగులు:
ఓనర్‌కి ఇలా చెప్పు. మేడమ్ తెనాలి నుంచి గుంటూరుకి అద్దాలకి నల్ల ఫిల్మ్ వేసిన కారులో వచ్చింది. దారిలో ఎవరూ చూళ్లేదు. బాగానే ఉంది. కానీ మీ ఆఫీసు తలుపు బార్లా తీసే ఉంది కదా, దొంగకి ఆ కారుతో పనేంటి? ఫోన్‌లో వేసుకునే వీపీఎన్ ఆ కారు లాంటిది, పైగా ఆ కారు డ్రైవర్ ఎవడో మనకి తెలీదు. మీక్కావల్సింది ఆ తలుపు మూసేసి, మన మనుషుల దగ్గర మాత్రమే తాళంచెవి ఉండే వేరే దారి పెట్టడం. రెండిటికీ వీపీఎన్ అనే పేరుండబట్టి వచ్చిన తంటా ఇది.

అవన్నీ తర్వాత. ముందు ఇవాళే రౌటర్‌లోకెళ్లి ఆ పోర్ట్ ఫార్వర్డింగ్ తీసెయ్. 3389 అయ్యుంటుంది, రిమోట్ డెస్క్‌టాప్‌ది. మేడమ్ రెండ్రోజులు ఎంట్రీలు కొట్టకపోతే కొంప మునగదు.

కరీంనగర్_కుర్రోడు:
గంత భయమెందుకన్నా. పోర్ట్ నంబరు మార్చుకుంటె అయిపాయె. 3389 తీసేసి 40 వేల పైన ఏదన్న నంబరు పెట్టు. మా తాన గట్లనే నడుస్తున్నది రెండేండ్ల సంది, ఏం గాలే.

పాత_సిస్టమ్_అడ్మిన్:
ఏం కాలేదని నీకెలా తెలుసు తమ్ముడూ, లాగ్ చూశావా? ఇంటర్నెట్ మొత్తాన్ని, ఉన్న 65 వేల పోర్టులూ తట్టి చూసే స్కానర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. షోడాన్ లాంటి సైట్‌లో వెతికితే నీ సిస్టమ్ లాగిన్ స్క్రీన్ ఫొటోతో సహా దొరుకుద్ది. నంబరు మారిస్తే లాగ్‌లో చెత్త తగ్గుద్ది, అంతవరకే. తలుపు పీకి పక్క గోడకి పెట్టినట్టు.

@గుంటూరు ఆ ట్యాలీ సిస్టమ్‌లో ఏ విండోస్?

గుంటూరు_ఘాటు:
విండోస్ 7 అండి 😬

పాత_సిస్టమ్_అడ్మిన్:
దేవుడా. దానికి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. 2019 మే లో బ్లూకీప్ అని ఒకటి బయటపడింది, రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బొక్క, అసలు పాస్‌వర్డే అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు అంతకుముందెప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చారంటే ఎంత కంగారు పడ్డారో అర్థం చేస్కో. మీదాంట్లో ఆ ప్యాచ్ ఉందో లేదో కూడా తెలీదు. పోర్ట్ మూశావా లేదా?

గుంటూరు_ఘాటు:
మూసేశా. ఇప్పుడే ఫోన్ డేటా నుంచి ట్రై చేశా, రావట్లేదు. మేడమ్‌కి చెప్తే "హమ్మయ్య రెండ్రోజులు నిద్రపోతా" అన్నారు.

ట్యాలీ_తాత:
అబ్బాయ్, నువ్వు అదృష్టవంతుడివి, ముందే చూసుకున్నావు. నేను చేసిన ఆడిటర్ గారి ఆఫీసులో ఇదే బాపతు. రిటర్న్స్ పనిమీద స్టాఫ్ ఇంటినుంచి చూసుకోవాలని ఇలాగే తెరిచి పెట్టారు. జీఎస్టీ 3బీ రిటర్న్ ఆఖరి తేదీ 20 కదా, 18 పొద్దున్న నేను వెళ్లేసరికి ప్రతి ఫైలు పేరు చివర ఏదో పిచ్చి అక్షరాలు, డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్, ఇంత బిట్‌కాయిన్ కట్టండి అని. బ్యాకప్ ఉందిగా అనుకున్నాం. బ్యాకప్ డ్రైవ్ ఆ సిస్టమ్‌కే గుచ్చి ఉంది, అదీ పోయింది. డబ్బు కట్టలేదు. నలభై పైచిలుకు క్లయింట్లవి బిల్లు బిల్లు చూసుకుని మళ్లీ టైపు చేశాం, మూడు నెలలు పట్టింది. నాకు కళ్లజోడు పవర్ మారింది ఆ మూడు నెలల్లోనే.

బెంచ్_మీద_బాబు:
తాతగారూ బ్యాకప్ గుచ్చి ఉంచడం అంటే బీరువా తాళంచెవి బీరువాకే వేలాడదీసినట్టు కదా

ట్యాలీ_తాత:
అంతే నాయనా. ఇప్పుడు మూడు డ్రైవ్‌లు తిప్పుతాం, ఒకటి ఎప్పుడూ ఆడిటర్ గారింట్లో దేవుడి గూట్లో ఉంటుంది.

విజయవాడ_విశ్వం:
అసలు ఇండియాలో వీపీఎన్ ఇల్లీగల్ కదా? 2022లో గవర్నమెంట్ రూల్ తెచ్చింది, కంపెనీలన్నీ సర్వర్లు ఎత్తేసుకుని వెళ్లిపోయాయి. ఆఫీసులో పెట్టుకుంటే రేపు ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?

సెక్యూరిటీ_సీతక్క:
ఇల్లీగల్ కాదు విశ్వంగారూ. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ) ఇచ్చిన ఆదేశాలు మీరు చెప్పేవి. జనానికి వీపీఎన్ అమ్మే కంపెనీలు కస్టమర్ల పేర్లు, ఐపీలు, కాంటాక్ట్ వివరాలు ఐదేళ్లు దాచాలన్నారు. అది మా వల్ల కాదని నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ వాళ్లు ఇక్కడి సర్వర్లు తీసేశారు. కంపెనీ తన ఉద్యోగుల కోసం పెట్టుకునే వీపీఎన్‌కి ఆ కస్టమర్ల రూలు వర్తించదని వాళ్లే ప్రశ్నలు-జవాబుల్లో చెప్పారు. కాకపోతే అదే ఆదేశాల్లో ఇంకో రెండు ముక్కలున్నాయి, అవి అందరికీ: లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, పెద్ద సంఘటన ఏదన్నా జరిగితే తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి. జమ్మూ కశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడూ వీపీఎన్ వాడొద్దని ఆర్డర్లు వచ్చాయి, అది వేరే సంగతి. గుంటూరుకీ దానికీ సంబంధం లేదు.

ఇక ఫ్రీ వీపీఎన్ ముచ్చట. ఓనర్ గారి ఫోన్‌లోంచి కూడా తీయించు @గుంటూరు. 2015లో హోలా అనే దాని గుట్టు బయటపడింది, ఫ్రీగా వాడుకునేవాళ్ల ఇంటి కనెక్షనే వేరేవాళ్లకి అద్దెకిచ్చి డబ్బు చేసుకుంటున్నారు. 2024 మే లో అమెరికా వాళ్లు 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ని (ఓనర్లకి తెలీకుండా వాడుకునే సిస్టమ్‌ల గుంపు) పట్టుకున్నారు, కోటీ 90 లక్షల ఐపీలు దాంట్లో. అంతమంది ఎలా ఎక్కారనుకున్నారు? మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్, షీల్డ్ వీపీఎన్ లాంటి ఉచిత యాప్‌ల ద్వారానే. నీ ఇంటి ఐపీ మీద ఎవడో మోసం చేస్తాడు, పోలీసులు నీ తలుపు కొడతారు.

గుంటూరు_ఘాటు:
ఈ చివరి ముక్క ఓనర్‌కి చదివి వినిపించా. ఫోన్ నా చేతికిచ్చి తీసెయ్ అన్నారు. తర్వాత మెల్లగా "మరి మ్యాచ్‌లు ఎట్టా చూడాలి" అన్నారు 😂

ఇప్పుడు అసలు వీపీఎన్ ఎలా పెట్టాలో చెప్పండి. బడ్జెట్ అడిగితే ఆయన మొహం చూడాలి మీరు.

నెట్‌వర్క్_నాగులు:
స్టాటిక్ ఐపీ ఉందిగా, సగం పని అయిపోయినట్టే. వైర్‌గార్డ్ పెట్టు. వీపీఎన్ సాఫ్ట్‌వేర్, ఫ్రీ, చిన్నది, 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6 నుంచి అందులోనే కలిసి వస్తోంది. మూలన పడున్న పాత డెస్క్‌టాప్ ఏదన్నా ఉంటే ఉబుంటు వేసి దాంట్లో పెట్టొచ్చు, లేదంటే మైక్రోటిక్ చిన్న రౌటర్ కొను, దాని ఓఎస్ 7వ వెర్షన్ నుంచి వైర్‌గార్డ్ ఉంది. రౌటర్‌లో యూడీపీ 51820 ఒక్కటే ఫార్వర్డ్ చెయ్. నాకు దీంట్లో నచ్చేదేంటంటే, సరైన కీ లేనోడు ఎన్నిసార్లు తట్టినా ఇది అసలు పలకదు. తప్పు పాస్‌వర్డ్ అని కూడా అనదు, ఉలుకూ పలుకూ ఉండదు. స్కానర్‌కి అక్కడ ఏమీ లేనట్టే కనిపిస్తుంది. నీ 4625లు సున్నా అయిపోతాయి.

మనిషికో కీ. ఒకే కీ అందరికీ ఇవ్వొద్దు. ఎవరన్నా మానేస్తే వాళ్ల కీ ఒక్కటి తీసేస్తే చాలు.

సెక్యూరిటీ_సీతక్క:
ఇక్కడ నాగులుతో కొంచెం తేడా ఉంది నాకు. వైర్‌గార్డ్‌లో ఓటీపీ అనేది దానంతటది ఉండదు. కీ లాప్‌టాప్‌లో ఫైలుగా కూచుని ఉంటుంది. లాప్‌టాప్ పోయినా, దాంట్లో వైరస్ దూరినా కీ కూడా పోయినట్టే. రెండో అడుగు లేని వీపీఎన్ ఎంత ఖరీదో 2021 మే లో కలోనియల్ పైప్‌లైన్‌కి తెలిసింది. అమెరికా తూర్పు వైపు పెట్రోలు సరఫరా చేసే గొట్టం అది. ఎవరూ వాడని పాత వీపీఎన్ అకౌంట్ ఒకటి, తీసెయ్యడం మర్చిపోయారు, ఓటీపీ లేదు, దాని పాస్‌వర్డ్ లీకైన పాస్‌వర్డ్‌ల కుప్పలో దొరికింది. అంతే. ఐదారు రోజులు పైప్‌లైన్ బంద్, బంకుల ముందు క్యూలు, 44 లక్షల డాలర్లు కట్టారు. కొంత తర్వాత వెనక్కి రాబట్టార్లే.

అందుకే ఓపెన్‌వీపీఎన్‌కి ఓటీపీ జోడించి పెట్టుకోండి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి రెడీమేడ్ వీపీఎన్ సర్వీసు పెట్టి గూగుల్ లాగిన్‌తో కట్టండి, ఆ గూగుల్ అకౌంట్‌కి టూ స్టెప్ ఆన్ చెయ్యండి.

నెట్‌వర్క్_నాగులు:
సీతక్కా, 14 మంది ఆఫీసు. సర్టిఫికెట్లు, ఓటీపీలు అంటూ పెడితే వారంలో మొత్తం పీకేసి మళ్లీ 3389 తెరుస్తారు. వైర్‌గార్డ్ కీ ఒకటి, దాని తర్వాత విండోస్ పాస్‌వర్డ్ ఒకటి, ఇక్కడే రెండు అడుగులయ్యాయి. వాడగలిగేదే సెక్యూరిటీ.

సెక్యూరిటీ_సీతక్క:
విండోస్ పాస్‌వర్డ్ ఏం పెట్టారో అడుగు ముందు.

గుంటూరు_ఘాటు:
...మిర్చి@123

బెంచ్_మీద_బాబు:
😭😭😭

నెట్‌వర్క్_నాగులు:
సరే అక్కా నువ్వు గెలిచావ్

కోడలు_కోడర్:
పెద్ద కంపెనీలో ఉన్నా మా బాధలు మాకున్నాయండి. నేను అమలాపురం దగ్గర అత్తగారింటి నుంచి చేస్తా. మాది ఫుల్ టన్నెల్, అంటే వీపీఎన్ ఎక్కితే యూట్యూబ్ అయినా, ఆధార్ సైట్ అయినా, ఏదైనా సరే మొత్తం హైదరాబాద్ ఆఫీసు గేట్‌వే దాకా వెళ్లి రావాల్సిందే. వీడియో కాల్ కూడా అటే పోయేది, కెమెరా ఆన్ చేస్తే నా మూతి ఒక చోట మాట ఒక చోట. 2020 మార్చిలో అయితే ఇంకా ఘోరం, ఉన్న లైసెన్సులు వెయ్యి మందికి, ఎక్కాల్సినోళ్లు ఐదారువేలు, షిఫ్టులు వేసుకుని ఎక్కేవాళ్లం, తెల్లారి నాలుగింటికి నా వంతు. మా అత్తగారు "ఈ పిల్ల కోడి కంటే ముందు లేస్తోంది" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయారు, నేనూ కాదనలేదు. తర్వాత కాల్స్ వరకూ టన్నెల్ బయటికి తీశారు, స్ప్లిట్ టన్నెల్ అంటారే అది, అప్పట్నుంచి ప్రాణం హాయిగా ఉంది.

@గుంటూరు మీ మేడమ్‌కి కూడా ట్యాలీ ఒక్కటే టన్నెల్‌లో పంపండి, మిగతాది ఆవిడ ఇంటి నెట్ నుంచే పోనివ్వండి. లేకపోతే పాప కోసం పెట్టిన రైమ్స్ కూడా మీ ఆఫీసు బ్యాండ్‌విడ్త్ మీదే నడుస్తాయి ఆయ్

పాత_సిస్టమ్_అడ్మిన్:
స్ప్లిట్ మంచిదే కానీ ఆవిడ వాడేది ఆఫీసు లాప్‌టాపా, ఇంట్లో అందరూ వాడేదా? ఇంట్లోదైతే వాళ్ల తమ్ముడు క్రాక్ గేమ్ ఒకటి వేస్తాడు, అందులోంచి వచ్చినవాడు అదే టన్నెల్ పట్టుకుని మీ ఆఫీసులోకి నడిచొస్తాడు. వీపీఎన్‌కి మనిషెవరో తెలీదు, కీ ఉందా లేదా అంతే.

ఇంకోటి, ఇది చాలామంది పొరబడతారు. వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో క్లయింట్ వైపు అలవ్డ్ ఐపీస్ అని ఉంటుంది, అక్కడ ట్యాలీ సిస్టమ్ ఐపీ ఒక్కటే రాశాం కదా మిగతావి కట్టేశాం అనుకుంటారు. అది రూటింగ్ మాత్రమే, ఆ లాప్‌టాప్‌లో కూచున్నవాడు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కట్టెయ్యాల్సింది ఆఫీసు వైపు ఫైర్‌వాల్‌లో. మేడమ్ ఐపీ నుంచి ట్యాలీ సిస్టమ్ 3389కి మాత్రమే దారి, కెమెరాలకీ, ఓనర్ సిస్టమ్‌కీ, ఫైళ్లు దాచే ఎన్‌ఏఎస్ డబ్బాకీ దారి లేదు, అట్లా.

కరీంనగర్_కుర్రోడు:
నేను గూడ చూసిన లాగ్. పాత అన్న అడిగిండని. మూడు వేల ఆరొందలు, నిన్న ఒక్క రోజుల. నంబరు మార్చినంక గూడ. మూసేసిన. ఇగ మాది స్టాటిక్ గాదు, లోకల్ కేబులోనిది. నెల కింద దాక మంచిగ నడిచింది గని ఇప్పుడు వాడు ఏదో మార్చిండట, బయటికెళ్లి మా రౌటర్‌కే వస్తలేదు. వీపీఎన్ ఎట్ల పెట్టాలె మరి?

నెట్‌వర్క్_నాగులు:
రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) ఎంతుందో చూడు. 100.64 నుంచి 100.127 మధ్యలోనో, 10తోనో మొదలైతే నువ్వు సీజీ-నాట్ వెనక ఉన్నట్టు, అంటే వందల ఇళ్లకి కలిపి ఒకటే బయటి ఐపీ. అపార్ట్‌మెంట్‌కి ఒకటే డోర్ నంబరు ఉన్నట్టు, పోస్ట్‌మ్యాన్ నీ ఫ్లాట్ దాకా రాలేడు. ఒకటి, కేబుల్ వాణ్ణి స్టాటిక్ ఐపీ అడుగు. రెండు, ముంబైలో చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని ఆఫీసూ ఇల్లూ రెండూ దానికి వైర్‌గార్డ్‌తో కట్టు. లేదా సీతక్క చెప్పిన టెయిల్‌స్కేల్, అది లోపలి నుంచే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి నీ రౌటర్‌లో ఏదీ తెరవక్కర్లేదు. మొదట్లో ఎందుకు నడిచిందంటావా, అప్పుడు నీకు విడిగా ఐపీ ఇచ్చుంటాడు.

కరీంనగర్_కుర్రోడు:
100.72 ఉన్నది. గదే కథ అన్నట్టు. థాంక్స్ అన్నా.

డల్లాస్_డబ్బా:
సందట్లో సడేమియా. నేను వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వస్తున్నా, మూడు వారాలు. కంపెనీ ఇండియా నుంచి పని చెయ్యొద్దంటుంది, నాకు లీవ్‌లు లేవు. డల్లాస్ ఇంట్లో వైర్‌గార్డ్ పెట్టి, చేతిలో ట్రావెల్ రౌటర్ పట్టుకొస్తే లాప్‌టాప్‌కి ఇంట్లో ఉన్నట్టే ఉంటుందిగా? ఎవరన్నా చేశారా?

సెక్యూరిటీ_సీతక్క:
మీ కంపెనీలో నాలాంటిది ఒకత్తి ఉంటుంది కదా, ఆమె వైపు నుంచి చెప్తా. ఐపీ ఒక్కటే చూస్తారనుకోవద్దు. ఫైబర్‌లో కాంతి సెకనుకి ఇంచుమించు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, హైదరాబాద్ నుంచి డల్లాస్ 14 వేల పైమాటే, వెళ్లి రావడానికి ఎంత తక్కువనుకున్నా 140 మిల్లీసెకన్లు, నిజంలో 250 దాటుతుంది. నిన్నటిదాకా 20 ఉన్న మనిషికి ఇవాళ 280 ఎందుకొచ్చింది? పైగా లాప్‌టాప్ చుట్టుపక్కల వైఫైల పేర్లు చూసి తను ఎక్కడుందో కనిపెడుతుంది, దానికి మీ టన్నెల్‌తో పన్లేదు. ట్యాక్స్ గొడవలు, ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ గొడవలు ఉంటాయి కాబట్టే వద్దంటారు, మీమీద కోపంతో కాదు. మేనేజర్ని రాతపూర్వకంగా అడగండి, లేదంటే జీతం లేని సెలవు పెట్టండి.

డల్లాస్_డబ్బా:
అడిగితే కాదంటాడని కదా ఇక్కడ అడిగింది 🙂

బెంచ్_మీద_బాబు:
అన్నా వీడియో కాల్‌లో వెనకాల కొబ్బరి నీళ్లోడు అరిచాడంటే 280 మిల్లీసెకన్లు కూడా అక్కర్లేదు

మోడరేటర్:
డల్లాస్ గారి ప్రశ్న వేరే దారంలో వేసుకోండి. ఇక్కడ గుంటూరు ఆఫీసు సంగతే.

గుంటూరు_ఘాటు:
అందరూ ఒకసారి ఇది చూడండి ప్లీజ్, చేతులు వణుకుతున్నాయి. కొత్త పాస్‌వర్డ్ పెడదామని యూజర్ల లిస్టు తెరిచా. సపోర్ట్1 అని ఒక అకౌంట్ ఉంది, అడ్మిన్ హక్కులతో. పాత కుర్రాడు పెట్టుకున్నాడేమో అనుకుని ఫోన్ చేశా, నేను పెట్టలేదన్నాడు. నెట్ యూజర్ కమాండ్ కొడితే దాని పాస్‌వర్డ్ పెట్టిన తేదీ వచ్చింది, ఆ కుర్రాడు మానేసిన రెండు నెలల తర్వాతది. చివరి లాగిన్ నాలుగు రోజుల కింద రాత్రి 2:40కి. 4624 (లాగిన్ అయినట్టు రికార్డు) లో టైప్ 10 అని ఉంది, ఐపీ మనది కాదు. అంతకుముందువి చూద్దామంటే లాగ్ ఐదు రోజులదే ఉంది.

పాత_సిస్టమ్_అడ్మిన్:
టైప్ 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి లోపలికొచ్చి కూచున్నట్టే. లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే ఉంటుంది, 4625లు వెల్లువలా వస్తుంటే పాతవి కొట్టుకుపోతాయి, అందుకే ఐదు రోజులదే మిగిలింది.

ఇప్పుడు నెట్‌వర్క్ తీగ పీకు. సిస్టమ్ ఆపొద్దు, తీగ మాత్రమే. బ్యాకప్ డ్రైవ్ దానికి గుచ్చొద్దు, చచ్చినా గుచ్చొద్దు.

ట్యాలీ_తాత:
డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఆ సిస్టమ్‌కే పెట్టి ఉంచుతారా మీరు? ఎగుమతులంటే ఐస్‌గేట్ (కస్టమ్స్ పోర్టల్) ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది. చూడు వెంటనే.

గుంటూరు_ఘాటు:
పెట్టే ఉంది తాతగారూ. ఎప్పుడూ పెట్టే ఉంటుంది. పిన్ ఒక స్టికర్ మీద రాసి మానిటర్‌కి అంటించాం. తీశాను. తీగ కూడా పీకేశా.

సెక్యూరిటీ_సీతక్క:
కంగారు పడకు, ఒక్కొక్కటీ. ఇంకో శుభ్రమైన సిస్టమ్ నుంచి, ఫోనైనా పర్లేదు, మెయిల్ పాస్‌వర్డ్ మార్చు, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చెయ్, మెయిల్‌లో ఫార్వర్డింగ్ రూల్ ఏదన్నా కొత్తగా ఉందేమో చూడు. ఎగుమతి ఆఫీసుల్లో వీళ్లు ఎక్కువగా చేసేది రాన్సమ్‌వేర్ కంటే ఇదే, మీ మెయిల్లో మాటేసి, విదేశీ బయ్యర్‌కి ఇన్వాయిస్ వెళ్లే టైమ్‌కి బ్యాంక్ అకౌంట్ నంబరు మార్చి పంపుతారు. డబ్బు ఎవడికో పోతుంది, బయ్యర్ నేను కట్టేశాగా అంటాడు. ఇవాళే బయ్యర్లకి ఫోన్ చేసి, మెయిల్ కాదు ఫోన్, మా బ్యాంక్ వివరాలు మారలేదని చెప్పించు. తర్వాత బ్యాంక్, ఐస్‌గేట్, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, టోకెన్ పిన్. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ వెయ్యి, డబ్బు పోయినట్టు తేలితే ఆ నిమిషమే 1930కి ఫోన్. సెర్ట్-ఇన్‌కి కూడా మెయిల్ కొట్టు, ఆరు గంటల మాట గుర్తుందిగా.

నెట్‌వర్క్_నాగులు:
ఆ డిస్క్ తీసి పక్కన పెట్టు, దాని మీదే మళ్లీ విండోస్ వెయ్యొద్దు, పోలీసులు అడిగితే చూపించాలి. కొత్త ఎస్ఎస్‌డీ, విండోస్ 11. 10 కూడా వద్దు, దానికి కూడా 2025 అక్టోబర్ 14తో గడువైపోయింది. పాత డిస్క్ నుంచి ట్యాలీ డేటా ఫోల్డర్ ఒక్కటే తెచ్చుకో, ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైలు) ఒక్కటి కూడా తేవద్దు.

విజయవాడ_విశ్వం:
ఇదంతా ఎందుకు, నలభై యాభై వేలు పెట్టి మంచి ఫైర్‌వాల్ డబ్బా కొని దాంట్లో ఉన్న వీపీఎన్ వాడుకోవచ్చుగా, కంపెనీవాళ్లే చూసుకుంటారు.

సెక్యూరిటీ_సీతక్క:
కొనొచ్చు, కానీ ఎవరో చూసుకుంటారు అనుకుంటేనే చిక్కు. 2021 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ అనే కంపెనీ వీపీఎన్‌ల లాగిన్లు 5 లక్షల దాకా బయటపెట్టేశారు. ఏ బొక్కలోంచి లాగారో దానికి ప్యాచ్ 2019లోనే వచ్చింది, జనం వేసుకోలేదు. 2024 జనవరిలో ఇవాంటీ అనే ఇంకో కంపెనీ డబ్బాల్లో బొక్క పడితే అమెరికా గవర్నమెంట్ తన ఆఫీసులకి 48 గంటల్లో వాటిని పీకెయ్యండని ఆర్డరేసింది. ఇంటర్నెట్‌కి ఎదురుగా కూచునే ప్రతి డబ్బాకీ అప్‌డేట్ చేసే మనిషొకడు ఉండాలి. ఆ ఆఫీసులో ఆ మనిషి ఎవరంటే మన ఘాటే. తెలిసింది పెట్టుకుంటే అతనికి అర్థమవుతుంది.

ఓటీపీ ఉన్నా కూడా మనిషే. 2022లో ఉబర్‌లో దూరినవాడు కాంట్రాక్టర్ ఫోన్‌కి అప్రూవ్ చెయ్యి అప్రూవ్ చెయ్యి అని వరసపెట్టి పంపాడు, విసుగొచ్చి ఒకసారి నొక్కేశాడాయన. మేడమ్‌కి చెప్పండి, తను లాగిన్ అవ్వకుండా ఫోన్‌లో అడిగితే నొక్కొద్దని. పసిపిల్ల తల్లి, అర్ధరాత్రి నిద్రమత్తులో ఏది నొక్కుతుందో ఆమెకే తెలీదు.

కోడలు_కోడర్:
నిజం. నేను పాప పుట్టిన కొత్తల్లో అలారం అనుకుని అప్రూవ్ నొక్కా. అదృష్టం, అది నాదే, ఫోన్ రీస్టార్ట్ అయ్యి మెయిల్ యాప్ అడిగింది.

గుంటూరు_ఘాటు:
పది రోజులైంది, అప్‌డేట్ ఇస్తానన్నాగా. మెయిల్లో నిజంగానే ఒక రూల్ దొరికింది, "ఇన్వాయిస్" అన్న మాట ఉన్న మెయిల్ ఏదొచ్చినా బయట ఇంకో అడ్రస్‌కి కాపీ వెళ్తోంది. సీతక్క చెప్పకపోతే జన్మలో చూసేవాణ్ణి కాదు. ఒక బయ్యర్‌కి మా పేరుతో కొత్త అకౌంట్ నంబరు వెళ్లిపోయింది కూడా, పేమెంట్ ఇంకా వెయ్యలేదు, ఫోన్ చెయ్యబట్టి ఆగింది. కంప్లైంట్ ఇచ్చాం. ఓనర్ ఆ రోజు నుంచి బడ్జెట్ అనే మాట ఎత్తట్లేదు.

చివరికి మైక్రోటిక్ కొన్నాం, వైర్‌గార్డ్ దాంట్లో. మేడమ్‌కి ఆఫీసు లాప్‌టాప్ ఒకటిచ్చాం, డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి. విండోస్ లాగిన్‌కి ఓటీపీ కూడా పెట్టా, నాగులన్నా సీతక్కా ఇద్దరి మాటా నిలబెట్టా. అంతా పెట్టాక మొదటి రోజు ఒక్క ముక్క కదల్లేదు. టన్నెల్ కనెక్ట్ అయింది అంటోంది, ట్యాలీ సిస్టమ్ దొరకట్లేదు. నాలుగ్గంటలు కొట్టుకున్నాక తేలిందేంటంటే ఆఫీసు లోపలి ఐపీలూ 192.168.1 తోనే మొదలు, తెనాలిలో వాళ్లింట్లోవీ 192.168.1 తోనే. మేడమ్ లాప్‌టాప్ మా ట్యాలీ సిస్టమ్‌ని వాళ్లింట్లో వెతుకుతోంది.

నెట్‌వర్క్_నాగులు:
హహ ప్రతివాడూ ఒకసారి పడాల్సిన గొయ్యి. ఆఫీసువి ఎవరింట్లోనూ లేని నంబర్లకి మార్చాలి. జియోఫైబర్ వాళ్లది 192.168.29 ఉంటుంది, చాలా రౌటర్లకి ఆ 29 చోట 0 గానీ 1 గానీ, అవి వదిలేసి 10.47 అలాంటిదేదో పెట్టుకో.

గుంటూరు_ఘాటు:
అదే చేశా. ప్రింటర్, కెమెరాలు అన్నిటి ఐపీలు మార్చేసరికి ఆదివారం మొత్తం పోయింది. తర్వాత ఇంకోటి, డెస్క్‌టాప్ వస్తుంది గానీ పెద్ద రిపోర్ట్ తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోయేది. పింగ్ బాగానే ఉంది, చిన్న చిన్నవి బాగానే ఉన్నాయి.

నెట్‌వర్క్_నాగులు:
ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చన్న లెక్క. తెనాలి కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో ఎక్కే రకం) అయ్యుంటుంది, దాంట్లో 1500 బదులు 1492యే పడుతుంది, దారిలో ఇంకెక్కడన్నా ఇంకొంచెం తగ్గిందంటే వైర్‌గార్డ్ మామూలుగా పెట్టుకునే 1420 పట్టక పెద్ద ప్యాకెట్లు రాలిపోతాయి. 1380 పెట్టు, కాకపోతే 1280.

గుంటూరు_ఘాటు:
1380 తో సెట్ అయిపోయింది అన్నా 🙏 ఇక ఒక్కటే మిగిలింది. నిన్న రాత్రి పదిన్నరకి మేడమ్ పాపని పడుకోబెట్టి ఎంట్రీలు కొట్టి, లెడ్జర్ ఒకటి కాగితం మీద చూసుకుందామని ప్రింట్ ఇచ్చారట, ఏమీ రాలేదట, మళ్లీ ఇచ్చారట, మళ్లీ ఇచ్చారట. పదకొండింటికి మా వాచ్‌మన్ నుంచి నాకు ఫోన్, "బాబూ తాళాలేసిన ఆఫీసులో మిషను దానంతటదే కాయితాలు కక్కుతోంది, నేను లోపలికి పోను" అని.

పాత_సిస్టమ్_అడ్మిన్:
రిమోట్ డెస్క్‌టాప్‌లో కనెక్ట్ కొట్టే ముందు షో ఆప్షన్స్, లోకల్ రిసోర్సెస్, అక్కడ ప్రింటర్స్ టిక్ పెట్టమను. అప్పుడు వాళ్లింటి ప్రింటర్ లిస్టులో కనిపిస్తుంది. క్లిప్‌బోర్డ్, డ్రైవ్‌ల టిక్కులు మాత్రం తీసేయించు.

గుంటూరు_ఘాటు:
వాళ్లింట్లో ప్రింటర్ లేదంట.

బెంచ్_మీద_బాబు:
వాచ్‌మన్‌కి లెడ్జర్ చదవడం నేర్పించు